ఇంఫాల్ అమ్మల సంత

మణిపూర్ రాజధాని ఇంఫాల్‌లోని ఇమా కైథెల్‌లో, అంటే అమ్మల సంతలో, చేపలు, కూరగాయలు, చేనేత బట్టలు పరుచుకుని కూర్చునే మూడు వేల మందికి పైగా వ్యాపారులంతా ఆడవాళ్లే, అదీ పెళ్లయినవాళ్లే. దీనికి మూలంగా చాలామంది లల్లుప్ అనే వెట్టి పద్ధతిని చూపిస్తారు. రాచరికంలో మగవాళ్లు ప్రతి 40 రోజుల్లో 10 రోజులు రాజుకు వెట్టి చేయాలి. యుద్ధం వస్తే వెళ్లాలి. దాంతో ఊళ్లో అమ్మకాలు ఆడవాళ్ల మీద పడ్డాయి. అయితే లల్లుప్ ఎప్పుడో పోయింది, సంత మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉంది. కాబట్టి అవసరం మొదలుపెట్టిన దాన్ని నిలబెట్టింది తల్లికి అక్కడి సమాజం ఇచ్చిన పెద్దరికమేనని నా వాదన. సంత నడిచే తీరంతా ఇంటి తీరే. కూర్చునే చోటు తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో వస్తుంది; దాంతోపాటు బేరాలు, అరువు ఖాతాలు కూడా. పెట్టుబడికి మరుప్ ఉంటుంది: మన చీటీల మాదిరే తలా కొంత వేసి, వంతులవారీగా మొత్తం తీసుకుంటారు. మాట తప్పితే పోయేది డబ్బు కన్నా ముందు పరువు.

ఇదంతా మెతకతనం, పెద్ద వ్యాపారానికి పనికిరాదు అనేవారికి 1904, 1939 జవాబు చెబుతాయి. 1904లో కాలిపోయిన బ్రిటిష్ అధికారి బంగళాను మగవాళ్లు కూలి లేకుండా కట్టాలన్న ఆజ్ఞను సంత స్త్రీలు ఎదిరించారు. 1939లో మిల్లుల బియ్యం బయటి ప్రాంతాలకు తరలిపోయి ధరలు మండిపోయాయి. డిసెంబర్ 12న వేలాది మంది టెలిగ్రాఫ్ ఆఫీసును ముట్టడించి, బెంగాల్‌లోని నవద్వీప్‌లో ఉన్న మహారాజుకు ఎగుమతి ఆపమని తంతి కొట్టించారు. సైనికులు దెబ్బలు కొట్టినా వెనక్కి తగ్గలేదు, నెలల తరబడి సంతనే బహిష్కరించారు. సొంత రాబడిని అంతకాలం వదులుకోవడం కలిసి బతికే అలవాటు ఉన్నవాళ్లకే సాధ్యం.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. బియ్యం మిల్లులు, టోకు పెట్టుబడి ఆనాడు ఎక్కువగా మార్వాడీ వర్తకుల దగ్గరే ఉన్నాయి. అమ్మల అధికారం చిల్లర బేరం దగ్గర ఆగింది. ఇది నిజమే. అంతేకాదు, చోటు పెళ్లయినవాళ్లకే, అదీ కుటుంబం నుంచే రావాలన్న నియమమే పెళ్లికాని స్త్రీని గుమ్మం బయట ఆపింది, చోటు లేనివాళ్లను రోడ్డు పక్కకు నెట్టింది. 2010లో కొత్త భవనాలు కట్టినా, 2016 జనవరి భూకంపం తర్వాత మరమ్మతులు చేసినా, బయట కూర్చునే ఆ ఆడవాళ్ల బతుకు పెద్దగా మారలేదు.