బిల్లులో పిలువని పేరంటము

గృహస్థుని యింటికి నెలనెల వచ్చు కాగితములలో టెలిఫోను బిల్లునకు ఒక ప్రత్యేకమైన గౌరవము కలదు. కిరాణా కొట్టు ఖాతాను మనము వరుసగా చదివి, తెచ్చిన కందిపప్పునకును చింతపండునకును లెక్క సరిచూచుకొందుము. పాలవాని లెక్కకు గోడమీది క్యాలెండరు సాక్ష్యము. టెలిఫోను బిల్లును అంత శ్రద్ధగా చదువువారు అరుదు. మాటలాడిన నిమిషములను లెక్కించునది యంత్రము; యంత్రము అబద్ధమాడదను నమ్మకముతో అడుగున నున్న మొత్తమును మాత్రము చూచి పైకము చెల్లింతుము. ఈ నమ్మకమునే పెట్టుబడిగా చేసికొని అమెరికా దేశమున రమారమి ఇరువది సంవత్సరములు సాగిన ఒక వసూలు చరిత్రను ఇచట చెప్పదలచితిమి. అడుగని సందేశములకును, కోరని సేవలకును ఎవరో మూడవవారు వ్రాసిన పద్దును టెలిఫోను కంపెనీ తన బిల్లులో చేర్చి వసూలు చేసి పెట్టుట ఈ చరిత్రలోని విషయము.

దీని పుట్టుక మోసమునందు కాక, సదుద్దేశముతో చేసిన యొక యేర్పాటునందు ఉన్నది. 1984 జనవరి 1వ తేదీన అమెరికాలోని బెల్ టెలిఫోను వ్యవస్థ విభజింపబడినది. అంతకుముందు ఊరిలోని ఫోనును, దూరప్రాంతపు ఫోనును నడపినది ప్రధానముగా ఒకే సంస్థ. విభజన తరువాత ఇంటి ఫోను ఒక కంపెనీదియు, దూరపు పిలుపు మరొక కంపెనీదియు అయినవి. ఒక్కొక్క యింటికి రెండు మూడు బిల్లులు పోవుట యెందుకని, స్థానిక కంపెనీయే దూరపు కంపెనీల తరఫున కూడ వసూలు చేసి, ఎవరి భాగమును వారికి చెల్లించు పద్ధతి నడచినది. ఇట్లు బిల్లులో పరుల పద్దులకు వాకిలి తెరువబడినది. కాలక్రమమున ఆ వాకిటి గుండా దూరపు పిలుపులతో పాటు వాయిస్ మెయిలు, ఇంటర్నెట్ పుట, ఏవేవో సభ్యత్వములు మొదలైన వాని రుసుములును లోపలికి వచ్చినవి. బ్యాంకు చెక్కునకు సంతకము కావలెను. ఈ వసూలునకు టెలిఫోను నంబరు తెలిసియున్న చాలును. ఆ నంబరో, ఊరివారందరి చేతిలోని డైరెక్టరీలో అచ్చుపడియే యున్నది.

1990వ దశకము చివరి సంవత్సరములకు ఫిర్యాదులు ముమ్మరమైనవి. ఈ పనికి అచటివారు 'క్రామింగ్' అని పేరు పెట్టిరి. గోనెసంచిలో సరకు కూరినట్లు బిల్లులో పద్దులు కూరుట అని దాని భావము. 1999లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను నియమములు చేసినది. బిల్లు సామాన్యునికి తెలియునట్లుండవలెను. ప్రతి రుసుము ఏ సంస్థదో పేరుతో చూపవలెను. నియమములు మంచివే. కాని అవి భారమునంతయు చదువరి మీదనే ఉంచినవి. దొంగపద్దును కనిపెట్టవలసినది అతడు. ఫోను చేసి తగవాడవలసినది అతడు. అతడు ఊరకుండిన యెడల ఆ మౌనమే అంగీకారముగా చెల్లుబాటయ్యెను. మా అభిప్రాయమున ఈ చరిత్రకంతకును కీలకము ఇదియే.

ఆ మౌనము విలువ యెంతయో 2011 జూలైలో వెలువడిన ఒక నివేదిక తెలిపినది. సెనేట్ వాణిజ్య సంఘమునకు అప్పుడు పశ్చిమ వర్జీనియా సభ్యుడు జాన్ రాక్‌ఫెల్లర్ అధ్యక్షుడు. ఇంటి ఫోను బిల్లులలో ఏటేట సుమారు 30 కోట్ల పరాయి పద్దులు చేరుచున్నవనియు, వాని మొత్తము ఏడాదికి 200 కోట్ల డాలర్లను మించుననియు ఆ సంఘము తేల్చినది. సంఘపు సిబ్బంది అట్టి పద్దులు పడిన 500 మందికి పైగా వ్యక్తులతోను వ్యాపారులతోను మాటలాడగా, తాము అంగీకరించితిమని చెప్పినవాడు ఒక్కడును లేకపోయెను. బ్యాంకు ఇనుపగదులకు, లిఫ్టులకు, అగ్నిప్రమాద సూచికలకు ఏర్పరచిన ఫోను తీగల మీద సైతము ఈ రుసుములు పడినట్లు బయటపడినది. మాటలాడు మనిషియే లేని తీగకు సేవ కోరినవాడెవడు? మరుసటి సంవత్సరము, 2012లో, ఏటీ అండ్ టీ, వెరైజన్, సెంచురీలింక్ కంపెనీలు ఇంటి ఫోను బిల్లులలో ఇట్టి వసూళ్లను చాలవరకు మానివేయుదుమని ప్రకటించినవి.

ఇంటి ఫోను వాకిలి మూయబడుచుండగా జేబులోని ఫోనుకు మరొక వాకిలి అప్పటికే తెరచియున్నది. సంక్షిప్త సందేశము, అనగా ఎస్.ఎమ్.ఎస్., 1992 డిసెంబరు 3వ తేదీన పుట్టినది. బ్రిటనులో నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీరు కంప్యూటరు నుండి వోడాఫోన్ సంస్థకు చెందిన ఒక అధికారి ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపుటయే మొదటి సందేశము. 160 అక్షరములకు మించని ఈ చిన్న ఉత్తరము వ్యాపారులకు త్వరలోనే ఉపకరించినది. అమెరికాలో 2003లో ఐదారు అంకెల పొట్టి నంబర్లు అందరు కంపెనీల ఫోనులకు ఉమ్మడిగా ఏర్పడినవి. ఆ నంబరునకు ఒక మాట పంపిన చాలును, పాటయో బొమ్మయో ఫోనులోనికి వచ్చును. దాని వెల నెలబిల్లులో చేరును. వ్యాపారికిని టెలిఫోను కంపెనీకిని నడుమ మధ్యవర్తి సంస్థలు ఉండెడివి. వ్యాపారి మధ్యవర్తికి, మధ్యవర్తి కంపెనీకి పద్దు పంపును. కంపెనీ వసూలు చేసి తన భాగము మినహాయించుకొని, మిగిలినది అదే దారిని వెనుకకు పంపును.

ఈ మార్గమున మంచి పనులును జరిగినవని చెప్పకపోవుట న్యాయము కాదు. 2010 జనవరిలో హైతీ ద్వీపదేశమున భూకంపము వచ్చినప్పుడు ఒక పొట్టి నంబరునకు సందేశము పంపి 10 డాలర్లు దానము చేయు అవకాశమును అమెరికన్ రెడ్ క్రాసు కల్పించినది. పదేసి డాలర్లుగా చేరిన మొత్తము 3 కోట్ల 20 లక్షల డాలర్లను దాటినది. చుక్క చుక్క కూడిన ఏరగునని మన పెద్దల మాట. ఆ ఏరు దాహము తీర్చుటకును పారవచ్చును, పరుల పొలము కొట్టుకొనిపోవుటకును పారవచ్చును.

రెండవ విధమున పారిన ఏటి తీరు ఇది. రాశిఫలములు, ప్రేమ సలహాలు, సినిమా తారల కబుర్లు పంపుదుమను పేరుతో కొన్ని సంస్థలు వెలసినవి. కొందరు ఏదో బహుమతి ప్రశ్నలకు జవాబు చెప్పుచు ఇంటర్నెట్టులో తమ నంబరు వ్రాసిరి. కొందరు అదియు చేయలేదు. ఒకనాడు ఫోనులో ముక్కు మొగము తెలియని సందేశము వచ్చును. పనికిమాలినదని దానిని తుడిచివేయుదురు. ఆ మీదట నెలనెల బిల్లులో 9 డాలర్ల 99 సెంట్లు చేరుచుండును. కనిపెట్టనివానికి ఏడాదికి 120 డాలర్లు నష్టము. 2013 ఏప్రిల్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషను వైజ్ మీడియా అను సంస్థ మీద కోర్టున వ్యాజ్యము వేసినది. సెల్‌ఫోను బిల్లులలోని ఈ మోసము మీద ఆ కమిషను నడపిన మొదటి వ్యాజ్యము అదియే. వద్దని బదులు పంపినవారి ఖాతాలలోను రుసుము పడుచునే యుండినదని అందలి ఆరోపణ.

చిన్న సంస్థలను పట్టుట సులభము. వసూలు చేసి పెట్టిన పెద్ద కంపెనీల బాధ్యత యెంత? తాము ఉత్తరములు మోయు తపాలా బంట్రోతుల వంటివారమే యని అట్టి కంపెనీల పక్షమున వాదింపవచ్చును. ఈ పోలికను మన అనుభవముతో పరీక్షించి చూతము. మదరాసునుండియో బెజవాడనుండియో వి.పి.పి.లో పుస్తకములు తెప్పించుకొన్న ఇండ్లు తెలుగునాట పెక్కు. పోస్టుమాను పార్సెలు చేతబట్టుకొని గుమ్మము ముందు నిలుచును. పేరు చూచి, మనము అడిగినదే యైన డబ్బిచ్చి పుచ్చుకొందుము. కాదన్న అది వచ్చిన దారినే తిరిగిపోవును. పరుల తరఫున వసూలు చేయువాడు నిరాకరించుటకు వీలిచ్చి వసూలు చేసెను. అమెరికా బిల్లులలో ఆ గుమ్మమే లేదు. పైగా ఈ బంట్రోతునకు ప్రతి పద్దులో వాటా కలదు. వసూలైన దానిలో టీ-మొబైల్ కంపెనీకి 35 నుండి 40 శాతము దక్కెడిదనియు, కొన్ని సేవల విషయమున ఒక్క నెలలో 40 శాతము మంది వరకు డబ్బు వాపసు కోరినను ఆ వసూలు ఆగలేదనియు 2014 జూలై 1వ తేదీన ట్రేడ్ కమిషను కోర్టుకు చెప్పినది. పూర్తి బిల్లు 50 పుటలను మించవచ్చుననియు, ఈ పద్దులు 'వాడుక రుసుములు' వంటి శీర్షికల క్రింద మరుగుపడినవనియు ఆరోపించినది. ఆరోపణ నిరాధారమని ఆ కంపెనీ ప్రధానాధికారి జాన్ లెజెర్ ఆనాడు ప్రకటించిరి. ఏటీ అండ్ టీ విషయమున కమిషను చెప్పిన దానిని బట్టి, ఆ కంపెనీకి 2011 ఒక్క సంవత్సరములోనే ఈ రుసుములను గూర్చి 13 లక్షలకు పైగా ఫోను పిలుపులు వచ్చినవి. ఆ యేడు అక్టోబరులో కంపెనీ, రెండు నెలల రుసుమునకు మించి వాపసు ఇయ్యరాదని తన గుమాస్తాలకు కట్టడి చేసినది.

2013 నవంబరులోనే పెద్ద కంపెనీలు రాష్ట్రముల అటార్నీ జనరళ్లతో మాటలాడి, దానములు మినహా ఇట్టి వ్యాపార సందేశముల వసూలును నిలిపివేయుటకు ఒప్పుకొన్నవి. తరువాత లెక్కలు తేలినవి. 2014 అక్టోబరులో ఏటీ అండ్ టీ 10 కోట్ల 50 లక్షల డాలర్లకును, డిసెంబరులో టీ-మొబైల్ కనీసము 9 కోట్ల డాలర్లకును రాజీ కుదుర్చుకొన్నవి. 2015 మే నెలలో వెరైజన్ 9 కోట్లకును, స్ప్రింట్ 6 కోట్ల 80 లక్షలకును సమ్మతించినవి. నాలుగు కంపెనీల మొత్తము 35 కోట్ల 30 లక్షల డాలర్లు. అందులో ముఖ్యభాగము నష్టపోయినవారికి వాపసు చేయుటకే ఉద్దేశింపబడినది. 2016 డిసెంబరులో ఏటీ అండ్ టీ ఖాతాదారులు 27 లక్షలకు పైగా మందికి 8 కోట్ల 80 లక్షల డాలర్లు పంచుటకు కమిషను పూనుకొన్నది. తలకు సుమారు 31 డాలర్లు. ఇది మూడు నెలల పద్దునకు సరిపోవును. ఏండ్ల తరబడి కట్టినవాని నష్టము అంతతో తీరదు.

మన దేశమున కథ వేరొక రూపు దాల్చినది. ఇచట ఎక్కువమంది ముందుగా డబ్బు కట్టి ఫోను వాడువారు. వారికి నెలబిల్లు రాదు. కాలర్ ట్యూను, క్రికెట్ స్కోరు, దినఫలము మొదలైన సేవల పేరిట, రీచార్జి చేయించిన సొమ్ములో నుండియే రుసుము తరిగిపోయెడిది. పల్లెలో వృద్ధురాలు కొడుకుతో మాటలాడుటకని వేయించుకొన్న డబ్బు, మాటలాడకయే హరించుట మన యెరుకలోనిదే. చదువుటకు కాగితమైనను లేని ఆమె దేనిని చూచి ప్రశ్నింపగలదు? అందువలన ఇచటి నియమములు మరొక మెట్టు పైకి పోవలసివచ్చినది. భారత టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2011 జూలైలో ఒక ఆదేశమిచ్చినది. సేవ ప్రారంభమైన 24 గంటలలోగా ఖాతాదారు నుండి ధ్రువీకరణ రావలెను; వచ్చిననే రుసుము తీసికొనవలెను. 2013 జూలైలో మరొక ఆదేశమిచ్చి, రెండవ అంగీకారము సేవ అమ్మువాని చేతిలో లేని వేరొక సంస్థ ద్వారా నమోదు కావలెనని విధించినది. వద్దనుకొన్న సేవను మాన్పించుకొనుటకు 155223 అను ఉచిత నంబరు ఏర్పాటైనది.

ఈ రెండు దేశముల అనుభవమును కలిపి చూచిన ఒక విషయము స్పష్టమగుచున్నది. 1999 నాటి అమెరికా నియమము పద్దును కనబడునట్లు వ్రాయుమన్నది. మోసము ఆగలేదు, కొత్త ఫోనులోనికి మారినది. 2013 నాటి మన నియమము అంగీకారమును ఋజువు చేయు భారమును డబ్బు తీసికొనువాని మీద పెట్టినది. మొదటిది ఇంటివాని కంటిచూపు మీద ఆధారపడినది. రెండవది చదువురాని వానికిని, చదువుటకు తీరిక లేని వానికిని సమానముగా కాపు కాయును. నియమము ఉన్నంత మాత్రమున అమలు జరుగునని మేము చెప్పజాలము. అయినను భారము ఎవరి మీద ఉండవలెనను ప్రశ్నకు ఇదియే సరియైన సమాధానమని మా విశ్వాసము.

నేడు సందేశముల రుసుములు తగ్గి, ఆటలకును యాప్‌లకును ఫోను ఖాతా నుండియే వెల చెల్లించు పద్ధతులు వచ్చినవి. వాకిలి రూపు మారినది, వాకిలి మాత్రము ఉన్నది. కావున పాఠకులకు మా మనవి యిది. అడుగున నున్న మొత్తముతో తృప్తిపడక బిల్లును కిరాణా ఖాతా వలె పద్దు పద్దుగా చదువుడు. బయటివారి వసూళ్లను ముందే నిలుపుదల చేయుటకు మీ కంపెనీలో వీలున్నదేమో అడిగి తెలిసికొనుడు. ఇంటిలోని పెద్దవారి ఫోనులో రీచార్జి సొమ్ము వేగముగా తరుగుచున్న, వారి మాటలను తప్పు పట్టక ముందు ఖాతాను చూడుడు. తెలియని పద్దు కనబడిన నాడే ప్రశ్నింపుడు. ఆ పద్దునకు మీరు ఎప్పుడు, ఎట్లు అంగీకరించితిరో చూపుమని అడుగుడు. అట్లు అడుగుట మీ హక్కు. చూపవలసిన పూచీ వారిది.