జడ పొడవు చరిత్ర: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా

తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒక్కో కుదురు రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పనిచేసి, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుని, పాత వెంట్రుకను వదిలి కొత్తదాన్ని మొలిపిస్తుంది. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతులకూ మామూలే. ఈ లెక్కన నడుము దాకా వేలాడే జడ కొస వయసు ఐదారేళ్లు. అన్నేళ్ల ఎండనూ, దువ్వెననూ, సబ్బునూ, తలగడ రాపిడినీ తట్టుకుంటేనే ఆ కొస మిగులుతుంది. కుదురు దగ్గర పెరుగుదల చాలావరకు పుట్టుకతో వచ్చేది. కొస తెగకుండా చూసుకోవడం మాత్రం చేతిలో పని. జుట్టు సంరక్షణ చరిత్ర ముఖ్యంగా ఈ చేతిపని చరిత్రే.

ఈ సంగతి ఆఫ్రికా సంతతి స్త్రీలకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదేమో. వారి వెంట్రుక అడ్డుకోతలో గుండ్రంగా కాక చదునైన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. తలచర్మంలో ఊరే నూనె ఆ చుట్టల వెంట కొసదాకా జారదు, కాబట్టి కొసలు ఎండిపోతాయి. తిరిగిన ప్రతి మలుపూ తెగడానికి అనువైన చోటే. అందుకే ఆ జుట్టు పెరగదన్న అపోహ ప్రబలింది. నిజానికి అది పెరుగుతుంది, పెరిగినంతా కొసల దగ్గర తెగిపోతుంది. తడి నిలపడం, పైన నూనె పట్టించడం, జడలల్లి కొసలను లోపల దాచడం, దువ్వెనను తక్కువగా వాడటం అనే నాలుగు పనుల మీదే వారి సంప్రదాయం నిలబడింది. ఉంగరాల జుట్టున్న తెలుగువారికీ, తిన్నని జుట్టున్నవారికీ ఈ నాలుగు పనులూ కొత్తవి కావు.

తెలుగు నేలలో జడకూ కొప్పుకూ ఉన్న ప్రాచీనతకు రాళ్లే సాక్ష్యం. అమరావతి శిల్పాల్లో, రామప్ప గుడి మదనికల్లో, పదహారో శతాబ్దపు లేపాక్షి వర్ణచిత్రాల్లో స్త్రీల కేశాలంకరణ ఎంతో శ్రద్ధగా కనిపిస్తుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడను తెర మీదుగా వేసి చూపడం ఆ పాత్ర ప్రవేశానికే గుర్తు. సహజంగా జడ పొడవు చాలనప్పుడు సవరం ఉండేది. ఊడిన వెంట్రుకలను పారేయకుండా గోడ సందులోనో చూరులోనో దాచి, తగినన్ని పోగయ్యాక సవరం కట్టించుకోవడం ఊళ్లలో నిన్నమొన్నటి దాకా ఉంది. పెళ్లికూతురి పూలజడ కింద ఈనాటికీ ఉండేది సవరమే. అయితే బరువైన జడకుప్పెలు, బిగించి లాగి వేసిన జడ, నుదుటి అంచున కుదుళ్లను పీకేస్తాయి. ఆఫ్రికన్ జడల్లోనూ ఇదే ముప్పు ఉందని చర్మవైద్యులు హెచ్చరిస్తారు.

పొడవైన జడ అందానికే కాదు, హోదాకూ గుర్తు. బ్రాహ్మణ వితంతువుల శిరోముండనం ఆ గుర్తును బలవంతంగా తీసేయడమే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహం స్త్రీకి మళ్లీ పెళ్లినే కాదు, మళ్లీ జుట్టునూ ఇచ్చింది. జుట్టు సంరక్షణ గురించి రాసేటప్పుడు దీన్ని దాటవేయకూడదు. ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందన్నది నూనె కన్నా ముందు తేలాల్సిన సంగతి.

ఇక తలంటు. వారానికోసారి, లేదా పండగనాడు, నూనె మర్దన చేసి కాసేపు నానబెట్టి, కుంకుడుకాయ రసంతోనో శీకాయ పొడితోనో రుద్ది, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టడం దాని క్రమం. ఉసిరి, మందారాకు, గుంటగలగరాకు, మెంతులు ఇందులో తోడు. కుంకుడుకాయ గుజ్జులోని సపోనిన్లు నురగనిచ్చి జిడ్డును వదిలిస్తాయి. మామూలు సబ్బు కఠిన జలంలో కాల్షియంతో కలిసి జుట్టు మీద తెల్లని తెట్టు కడుతుంది. సపోనిన్ అలా కట్టదు. దక్కన్ రాతినేల బావినీళ్లకు కుంకుడు కుదిరిందంటే కారణం ఇదే. విశాఖపట్నంలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం అడవుల నుంచి సేకరించే సరుకుల్లో కుంకుడు, శీకాయ ఉన్నాయి.

తలంటుకు ముందే నూనె ఎందుకు పట్టించాలన్నది నిన్నటిదాకా ఆచారంగానే చెల్లింది. వెంట్రుక నీటిలో నానినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. ఇది పదేపదే జరిగితే పైపొర పొలుసులు లేచిపోతాయి. 2003లో ముంబయి పరిశోధకులు రేలే, మొహిలే ప్రచురించిన అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చారు. కడగడానికి ముందు గానీ తర్వాత గానీ పట్టించినప్పుడు వెంట్రుకలోని ప్రొటీను నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దానిలో ప్రధానమైన లారిక్ ఆమ్లం చిన్నగా, తిన్నగా ఉండే అణువు కావడంతో వెంట్రుక లోపలికి చొరబడగలదు. తల మీద గిన్నెడు నూనె పోసి నానబెట్టిన అమ్మమ్మల పద్ధతికి ప్రయోగశాలలో దొరికిన దన్ను ఇది.

అయితే తెలంగాణ మెట్టలో కొబ్బరి పండదు. ఇక్కడ పండేవి నువ్వులు, ఆముదాలు. ముఖ్యంగా నల్లగొండ, మహబూబ్‌నగర్, రంగారెడ్డి జిల్లాలు ఆముదం సాగుకు పేరుపడ్డవి. విజయవాడ రహదారి వెంట హైదరాబాదు తూర్పు శివార్లైన ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలో స్థిరపడ్డ కుటుంబాల్లో నల్లగొండ వైపు వారు చాలామంది. వారి వెంట వచ్చింది వంటాముదం. గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను తీసి కాచడం దాని పద్ధతి. కరీబియన్ దీవి జమైకాలో ఆఫ్రికా సంతతి వారు తయారుచేసే నల్ల ఆముదానిదీ దాదాపు ఇదే పద్ధతి: గింజలను వేయించడం, దంచడం, ఉడికించడం. సహజమైన జుట్టును కాపాడుకునే నల్లజాతి స్త్రీలకు ఆ నూనె ఎంతో ప్రియం. ఆముదం మొక్క పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. అక్కడినుంచి ఒక దారిన దక్కనుకూ, మరో దారిన కరీబియన్‌కూ చేరిన మొక్క రెండు చోట్లా ఒకే పనికి, ఒకే తీరున వాడుకలోకి రావడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం. ఆముదం జుట్టును కొత్తగా మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. చిక్కగా ఉండి వెంట్రుకకు పూతలా అంటుకుని రాపిడిని తగ్గించడమే దాని గుణం. అతిగా వాడితే ఆ చిక్కదనమే చిక్కవుతుంది: ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసుకుని కడిగిన ఒక యువతి జుట్టు ఉన్నట్టుండి విడదీయరాని ముద్దగా గట్టిపడిన సంగతి 2017లో ఒక వైద్యపత్రికలో నమోదైంది.

హైదరాబాదుకు ఆఫ్రికా జుట్టుతో పరిచయం నేరుగానే ఉంది. వనపర్తి సంస్థానం నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ అశ్వికదళం పేరే మాసబ్‌ట్యాంకు పక్కనున్న ఏసీగార్డ్స్‌కు మిగిలింది. వారి సంతతి సిద్దీలు నేటికీ అక్కడ ఉన్నారు. నగరంలో చుట్టలు తిరిగిన జుట్టు తరతరాలుగా ఉన్నదే అనడానికి ఆ బస్తీ చాలు. కానీ సబ్బులు, నూనెలు, పార్లర్లు అన్నీ తిన్నని జుట్టునే కొలమానంగా పెట్టుకుని ఎదిగాయి.

నగరానికి తూర్పున ఉన్న దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు సాగుభూమి. ఎల్బీనగర్ లాల్‌బహదూర్ శాస్త్రి పేరిట వెలసిన కాలనీ. రెండింటికీ మధ్య సరూర్‌నగర్ చెరువు, విక్టోరియా మెమోరియల్ హోం, కొత్తపేట పండ్ల మార్కెట్ ఉండేవి. 1980ల తర్వాత ఇల్లు ఇంటికి ఆనుకుని కాలనీలు పెరిగాయి. ఉసిరి, మందార చెట్లున్న పెరళ్లు అపార్టుమెంట్ల కింద పోయాయి. ఆ కాలంలోనే షాంపూ ప్యాకెట్ వచ్చింది. షాంపూ అన్న మాటే హిందీలో ‘ఒత్తు, పిసుకు’ అనే అర్థమిచ్చే ‘చాంపో’ నుంచి పుట్టింది; పట్నాకు చెందిన షేక్ దీన్ మహమ్మద్ 1814 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో మర్దన స్నానశాల తెరిచి ఆ మాటను అక్కడ స్థిరపరిచాడు. తల మర్దన పేరుతో వెళ్లిన మాట సీసాలో ద్రవం పేరుగా తిరిగి వచ్చింది. దాన్ని సీసాలోంచి చిన్న ప్యాకెట్లోకి దించినది తమిళనాడులోని కడలూరు. అక్కడి చిన్నికృష్ణన్ ఈ ఆలోచనకు ఆద్యుడు. ఆయన కొడుకు సి.కె.రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దాన్ని పల్లెపల్లెకూ చేర్చాడు. కిరాణా కొట్టు గుమ్మానికి దండలా వేలాడిన ప్యాకెట్ వారానికోసారి తలంటును రెండు మూడు రోజులకోసారి తలస్నానంగా మార్చింది. నూనె నానబెట్టే గంట తగ్గింది, కడగడాల సంఖ్య పెరిగింది. కొసల దృష్టితో చూస్తే ఇది నష్టమే.

నీళ్లు మరో కథ. నగరానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, తర్వాత మంజీరా వచ్చినా తూర్పు శివార్లు చాలాకాలం బోర్ల మీదే బతికాయి. రాతి పొరల్లోంచి తోడిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. నాగార్జునసాగర్ నుంచి కోదండాపురం మీదుగా సాహెబ్‌నగర్‌కు కృష్ణా నీళ్లు 2004లో మొదలయ్యాయి. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ పూర్తయ్యాయి. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. అయినా హాస్టళ్లలో ట్యాంకరూ బోరూ పోలేదు. కోచింగు కోసం జిల్లాల నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చిన అమ్మాయి మొదటి నెలలోనే చెప్పే ఫిర్యాదు ‘ఇక్కడి నీళ్లు పడలేదు, జుట్టంతా ఊడిపోతోంది’ అన్నది. కఠిన జలం జుట్టును గరుకుగా, చిక్కుపడేలా చేస్తుంది. వెంట్రుక బలాన్ని తగ్గిస్తుందా అన్న దానిపై అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. కుదుళ్ల నుంచి ఊడటానికి మాత్రం నీటికన్నా పెద్ద కారణాలున్నాయి. జ్వరం, నిద్రలేమి, తిండి తగ్గడం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు రాశిగా రాలుతుంది. కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో కనిపించింది ఇదే. జుట్టు రాలడానికి రక్తహీనత కూడా ఒక కారణమే; జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నూనె సీసాల ప్రకటనల్లో ఈ అంకె ఎక్కడా కనిపించదు. కనిపించాలి.

2000 తర్వాత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధుల్లో పార్లర్ల బోర్డుల మీద రీబాండింగ్, స్మూతెనింగ్, కెరటిన్ అన్న మాటలు వచ్చాయి. వెంట్రుకకు ఆకారమిచ్చే గంధకపు బంధాలను రసాయనంతో తెంచి, వేడి ఇస్త్రీతో తిన్నగా లాగి, మళ్లీ బిగించడమే రీబాండింగ్. ఇందులో బలహీనపడ్డ వెంట్రుక తర్వాతి నెలల్లో మధ్యకు తెగుతుంది. నల్లజాతి స్త్రీలు ఈ దారిన నూరేళ్లు నడిచారు. 1906 ప్రాంతంలో అమెరికా నల్లజాతి వ్యాపారవేత్త మేడం సి.జె.వాకర్ తలచర్మ ఆరోగ్యం కోసం అమ్మిన లేపనాలతో మొదలైన వ్యాపారం పక్కనే వేడి దువ్వెనా, జుట్టును తిన్నబరిచే క్షారపు రిలాక్సరూ విస్తరించాయి. 1960లలో ఆఫ్రో జుట్టు ఆత్మగౌరవ చిహ్నమైంది. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా బాలికల పాఠశాలలో విద్యార్థినులు సహజ జుట్టు కోసం నిరసన తెలిపారు. 2019లో కాలిఫోర్నియా జుట్టు ఆధారంగా వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. 2022 అక్టోబరులో వెలువడిన అమెరికా అధ్యయనం జుట్టు తిన్నబరిచే రసాయనాలను తరచూ వాడేవారిలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్నట్టు చూపింది: డెబ్బై ఏళ్లు వచ్చేసరికి ఎన్నడూ వాడనివారిలో 1.64 శాతం, తరచూ వాడినవారిలో 4.05 శాతం. కారణం రసాయనమే అని తేల్చడానికి అది ఒక్కటే చాలకపోయినా, పెళ్లికి ముందు స్మూతెనింగ్ చేయించే ప్రతి ఇంటికీ తెలియాల్సిన అంకె అది.

మన బడుల్లో రెండు జడలు, రిబ్బన్ల నియమం తెలియకుండానే జుట్టుకు మేలు చేసింది; విడివిడిగా ఎగిరి చిక్కుపడే కొసలు ముడిలో భద్రంగా ఉండేవి. ఉంగరాల జుట్టు పిల్లకు మాత్రం అదే నియమం నూనెతో అణచి, లాగి దువ్వడంగా మారింది. పొడిజుట్టును వేరు నుంచి కొసకు దువ్వెనతో లాగితే చుట్టలు తెగుతాయి. తడిగా ఉన్నప్పుడు, కండిషనరో కలబంద గుజ్జో పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతోనో వేళ్లతోనో కొస నుంచి పైకి చిక్కు తీయాలన్నది నల్లజాతి సంప్రదాయం నేర్పిన మెళకువ. 2001లో లొరైన్ మాసీ రాసిన కర్లీ గర్ల్ పుస్తకం దాన్ని విస్తృతంగా తెలిపింది. గత పదేళ్లలో అది తెలుగు ఇళ్లకూ చేరింది. అవిసెగింజలు ఉడికించి తీసిన జిగురు, పత్తి తువాలుకు బదులు పాత చొక్కా గుడ్డ, పట్టు తలగడ కవరు ఇప్పుడు ఉంగరాల జుట్టున్న ఆడపిల్లల సామాను.

సవరం కథ ఇంకా సాగుతోంది. వీధిలో చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నె ఇచ్చే వ్యాపారి కేక ఎల్బీనగర్ కాలనీల్లో నేటికీ వినిపిస్తుంది. దువ్వెనలో చిక్కిన ఆ ఉండలను విడదీసి, ఏరి, పొడవుల వారీగా కట్టలు కట్టే పని కర్ణాటకలోని కొప్పళ దగ్గర భాగ్యనగర్ అనే ఊళ్లో, ఆంధ్రలోని ఏలూరులో జరుగుతుంది. మొక్కుగా తిరుమల కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలకు విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే వేరూ కొసా ఒకే దిశలో ఉంటాయి. ఇలా గుడిలో మొక్కుగా ఇచ్చిన జుట్టన్న కారణంగా 2004లో యూదు మతపెద్దలు విధించిన నిషేధంతో ఇజ్రాయెల్‌లో, న్యూయార్కులో భారతీయ విగ్గులను వీధుల్లో తగలబెట్టారు. 2009 నాటి ‘గుడ్ హెయిర్’ చిత్రం అమెరికా నల్లజాతి స్త్రీల విగ్గుల మూలం వెతుక్కుంటూ తిరుమల దాకా వచ్చింది. ఆ విగ్గు కింద సొంత జుట్టును సన్నని జడలల్లి దాచడం, దాన్ని దువ్వెననుంచీ వేడినుంచీ నెలల తరబడి కాపాడే ఒక పద్ధతి. 2022 జనవరిలో కేంద్రప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది.