స్పామ్ లంకెల ద్వారా వ్యాపించే వైరస్‌లు

అయాచితంగా వచ్చే ఈ-మెయిళ్ళు, సందేశాలలోని లంకెల ద్వారా కంప్యూటరులోకి చేరే హానికర ప్రోగ్రాములను వాడుకలో స్పామ్ వైరస్‌లు అంటారు. నిజానికి వీటిలో అధికభాగం ట్రోజన్లు, వార్ములు. ఇంటి కంప్యూటరులో కుటుంబ ఛాయాచిత్రాలు, బ్యాంకు సంకేతపదాలు ఒకేచోట ఉంటాయి కనుక ఒక్క పొరపాటుతో రెండూ పోయే ప్రమాదం ఉంది.

వ్యాపించే విధానం

లంకెను నొక్కినంతనే వైరస్ సోకడం అరుదు. పాతబడిన బ్రౌజర్లలో మాత్రం అది సాధ్యమే. సాధారణంగా లంకె ఒక ఫైలును దిగుమతి చేయిస్తుంది, దానిని వాడుకరి స్వయంగా తెరుస్తాడు. 2008లో ఫేస్‌బుక్‌లో వ్యాపించిన కూబ్‌ఫేస్ ఇందుకు చక్కని ఉదాహరణ. మిత్రుని పేరుతో వచ్చిన లంకెను నొక్కితే వీడియో పేజీ తెరుచుకొని, చూడాలంటే ఫ్లాష్ ప్లేయర్‌ను నవీకరించమని అడిగేది. ఆ నవీకరణే వైరస్. పంపినవారు తెలిసినవారే అన్న ధైర్యం పనికిరాదు, ఎందుకంటే వారి ఖాతా అప్పటికే వైరస్ వశమై ఉండవచ్చు.

2000 మే నెలలో ప్రపంచాన్ని చుట్టిన ఐ లవ్ యూ వార్మ్ లంకెగా కాక జోడింపుగా వచ్చింది. విండోస్ ఫైలు పేరులోని చివరి పొడిగింపును దాచడం వల్ల అది మామూలు పాఠ్య ఫైలులా కనిపించింది. ఈ దాపరికం నేటికీ విండోస్‌లో అప్రమేయ అమరికగానే ఉంది. దానిని మార్చుకోవడం మంచిది.

తెలుగు రాష్ట్రాలలో

2017 మే నెలలో వాన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు, తిరుమల తిరుపతి దేవస్థానానికి చెందిన కొన్ని కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఇది లంకె అవసరం లేకుండానే నెట్‌వర్కులో పాకింది. దానిని అడ్డుకునే నవీకరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది.

రక్షణ

లంకెపై మౌస్ నిలిపితే అసలు చిరునామా తెర అడుగున కనబడుతుంది. మొదటి జంట గీతలను వదిలి, ఆ తరువాత వచ్చే తొలి ఏటవాలు గీతకు ముందున్న పేరును చూడాలి. సైటు యజమాని ఎవరో తెలిపేది ఆ పేరు చివరి భాగమే. దాని ముందు బ్యాంకు పేరు ఎన్నిసార్లు కనిపించినా లెక్కలోకి రాదు. తాళం గుర్తు సమాచారం గుప్తీకరింపబడుతోందని మాత్రమే చెబుతుంది, సైటు నిజాయితీని కాదు.

నిత్యవ్యవహారానికి నిర్వాహక అధికారాలు లేని ఖాతాను వాడితే, వైరస్ తెరుచుకున్నా వ్యవస్థ మొత్తాన్ని మార్చడం కష్టమవుతుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి అవసరాలకు చాలావరకు చాలు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముఖ్యమైన ఫైళ్ళ నకలును బయటి డిస్కులో ఉంచి, పని కాగానే దానిని విడదీయాలి. తగిలించి ఉంచిన డిస్కును కూడా రాన్సమ్‌వేర్ తాళం వేస్తుంది.

సోకిన తరువాత

ముందుగా అంతర్జాల సంబంధం తెంచాలి. సంకేతపదాలను వేరొక కంప్యూటరు నుండి మార్చాలి. భారత ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వైరస్‌లను తొలగించే సాధనాలను ఉచితంగా అందిస్తుంది. డబ్బు పోతే ఆలస్యం చేయక బ్యాంకుకు, 1930 సంఖ్యకు తెలపాలి. వైరస్‌ను ప్రవేశపెట్టిన వారికి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.