కంప్యూటర్ మాట్లాడుతోందా?

యంత్రం చేత మాట్లాడించాలన్న తపన పాతదే. కెంపెలెన్ 1791లోనే తన మాట్లాడే యంత్రం మీద పుస్తకం రాశాడు. 1939 న్యూయార్క్ ప్రదర్శనలో బెల్ ల్యాబ్స్ వారి వోడర్ అనే యంత్రం ముందు ఆపరేటర్ కూర్చుని మీటలు నొక్కితే మాట వచ్చేది, వేళ్లు తీస్తే ఆగేది. ఆగిందో లేదో యంత్రాన్ని అడిగే అవసరం అప్పటికి ఎవరికీ రాలేదు.

1976లో కుర్జ్‌వైల్ అంధుల కోసం పుస్తకం చదివే యంత్రం తెచ్చాడు. ఆ తర్వాత గొంతు ఇంటి కంప్యూటర్లలోకీ వచ్చింది, పాటా పాఠమూ ఒకే స్పీకర్ కోసం పోటీ పడ్డాయి. పాఠం నడుస్తున్నంతసేపూ పాట తగ్గించాలన్నా, వాక్యం అయ్యాకే పేజీ తిప్పాలన్నా పాఠం నడిపే స్క్రిప్ట్‌కు ఒకే జవాబు కావాలి: గొంతు పలుకుతోందా?

నా లెక్కలో దీనికి చక్కటి జవాబు 1990లలోనే ఆపిల్ ఇచ్చింది. మాకింతోష్‌లో 'స్పీచ్ బిజీ' అని అడిగితే మన ప్రోగ్రామ్ సంగతి, 'స్పీచ్ బిజీ సిస్టమ్ వైడ్' అని అడిగితే మొత్తం కంప్యూటర్ సంగతి తెలిసేది. విండోస్ గొంతు వ్యవస్థ శాపీ 5లో స్థితి 2 అంటే పలుకుతోంది, 1 అంటే అయిపోయింది. కానీ అది మన స్క్రిప్ట్ తెరిచిన గొంతు సంగతే చెబుతుంది. 2006లో మొదలైన స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ తన ఈస్పీక్ గొంతుతో చదువుతుంటే శాపీకి ఆ సంగతే తెలియదు. ఇక మిగిలింది విండోస్ విస్టా నుంచి వచ్చిన ధ్వని మీటర్. ఏ ప్రోగ్రామ్ నుంచి ఎంత శబ్దం వస్తోందో అది చూపిస్తుంది, మాటో పాటో చెప్పలేదు. వాక్యాల మధ్య ఊపిరి విరామాన్ని ముగింపు అనుకునే ప్రమాదమూ ఉంది. బ్రౌజర్లలో ఇంకో చిక్కు: చదవడం మధ్యలో నిలిపేసినా 'స్పీకింగ్' నిజమనే చెబుతుంది. 'పాజ్డ్' కూడా కలిపి చూడాల్సిందే.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ లాంటి దూరపు చోట్ల మరో చిక్కు కూడా రావచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. చెన్నై నుంచి వేసిన 2,300 కిలోమీటర్ల సముద్ర కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది, అంతకుముందు ఆధారం ఉపగ్రహమే. సర్వర్‌లో తయారై వచ్చే గొంతు నెట్ నెమ్మదిస్తే ఆలస్యంగా మొదలవుతుంది. పంపిన క్షణాన్నే మొదలైనట్టు లెక్కేసుకున్న స్క్రిప్ట్, పాఠం వినిపించకముందే పేజీ తిప్పేస్తుంది. చూపులేని విద్యార్థికి ఏం జరిగిందో తెలిసే దారి ఉండదు.

తెలుగు పాఠాల యాప్‌లు రాసే మిత్రులకు నా విన్నపం. అక్షరాలు లెక్కపెట్టి ఇన్ని సెకన్లని అంచనా కట్టకండి. స్క్రీన్ రీడర్ వాడేవారిలో చాలామంది గొంతు వేగం బాగా పెంచుకుని వింటారు. మొదలు, ముగింపు ఈవెంట్ల కోసం ఆగండి. కేబుల్ తెగినా పనిచేసేలా ఫోన్‌లోనే ఉండే తెలుగు గొంతునూ ఎంచుకోనివ్వండి. చూపులేని విద్యార్థుల చేత వాడించి చూశాకే విడుదల చేయండి.