ఓడ ఎముకలు – కోరంగి జ్ఞాపకాలు

ఈ సంచికకు ఏదైనా యుద్ధం గురించి రాయమని మిత్రులు అడిగారు. నేను మద్రాస్ సాపర్స్‌లో సుబేదారుగా రిటైరైన వాణ్ణి. వంతెనలు కట్టాను, ఓడలు ఎక్కింది తక్కువ. అయినా ఈసారి ఓడల గురించే రాస్తున్నాను. కారణం ఉంది.

మాది తాళ్ళరేవు. మా తాతగారు కర్ర పడవలు కట్టే మేస్త్రీ. నాన్నగారి కాలానికి ఆ పని తగ్గిపోయింది. నేను ఇంటర్ పాసై పట్టాళానికి వచ్చేశాను. తాతగారి బాడిసె ఒక్కటి నా ట్రంకుపెట్టెలో ముప్పై ఏళ్ళు తిరిగింది. రిటైరయ్యాక పాండిచ్చేరిలో మా అమ్మాయికి దగ్గరగా ఉందామని కురుచికుప్పంలో ఇల్లు తీసుకున్నాం. కుప్పం అంటే జాలరి పల్లె. 1980ల చివర దక్షిణాన రేవు గోడలు కట్టాక ఇటువైపు ఇసుక కోసుకుపోయింది. ఇప్పుడు మా వీధి చివర బీచి లేదు, బండరాళ్ళే ఉన్నాయి.

అక్కడే ఒక నమూనా ఓడ మొదలుపెట్టాను. రెండు తెరచాప కొయ్యల బ్రిగ్గు, 1800 నాటి రకం, అసలుకు 64వ వంతు సైజు. ముందు ప్లైవుడ్‌తో వెన్నెముక కోసి, దానికి అడ్డంగా పదకొండు బల్క్‌హెడ్లు గాడిలో దించాలి. ఒక్కొక్కటీ మూలమట్టంతో చూసి నిలబెట్టాలి. ముందు, వెనక భాగాల్లో పలక వంగి ఆనేటట్టు వాటి అంచుల్ని ఏటవాలుగా గీకాలి. ఆ తర్వాతే నీళ్ళలో నానబెట్టిన సన్నని టేకు బద్దలు చుట్టూ అతకాలి.

పక్కింటి జాలరి పెద్దాయన రోజూ వచ్చి చూసేవాడు. ఒకరోజు తమిళంలో, "సుబేదార్ సార్, అసలు ఓడలో ఇన్ని గోడలు ఉంటాయా?" అన్నాడు. మంచి ప్రశ్న.

ఉండవు. ఆనాటి మన కర్ర ఓడకు అడుగున దూలం, దాని మీద దగ్గర దగ్గరగా పక్కటెముకలు. పలకలు వాటికి బిగిస్తారు. నమూనాలో అన్ని ఎముకలు చేయలేం గనుక, వాటి బదులు ఈ గోడలు ఆకారాన్ని పట్టి ఉంచుతాయి. నీళ్ళను ఆపే గోడ వేరే సంగతి. అది చైనావాళ్ళ పాత విద్య. 1974లో అక్కడ చువాన్‌జౌ దగ్గర తవ్వి తీసిన సాంగ్ కాలపు ఓడలో పన్నెండు అడ్డగోడలు, పదమూడు గదులు కనిపించాయి. ఒక గదికి చిల్లు పడితే ఓడంతా మునగదు. 1912లో టైటానిక్‌కూ ఆ గోడలున్నాయి, కాని అవి చాలినంత ఎత్తు లేవు. ఒక గది నిండి నీళ్ళు పక్క గదిలోకి పొర్లాయి. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌లో ఒంగి దూరే గుండ్రటి ద్వారాలు ఆ గోడలవే.

మన తీరపు మసూలా పడవకైతే ఎముకలే ఉండేవి కావు. పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొడితే విరక్కుండా వంగి ఊరుకునేది. పాండిచ్చేరికి, మద్రాసుకు ఓడరేవు లేని రోజుల్లో లంగరేసిన ఓడల నుంచి సరుకును, సిపాయిల్ని ఒడ్డుకు చేర్చింది ఇలాంటి పడవలే. 1761 జనవరి 1న ఈ ఊరిని ముట్టడించిన ఇంగ్లీషు నౌకాదళం తుపానులో చిక్కి కొన్ని పెద్ద ఓడల్ని, వెయ్యిమందికి పైగా మనుషుల్ని పోగొట్టుకుంది. అయినా ఆ నెల మధ్యలో ఊరు లొంగిపోయింది. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథాన్ని అంకితం పుచ్చుకున్న దుబాసీ ఆనందరంగపిళ్ళె చనిపోయింది ఆ జనవరిలోనే.

ఇక మా కోరంగి. తాళ్ళరేవు పక్కనే, ఫ్రెంచివారి యానాంకు దగ్గరలో, ఓడల నిర్మాణానికి పేరుపడ్డ రేవు. 1802 ప్రాంతంలో ఎబెనీజర్ రోబక్ అనే దొర అక్కడ యుద్ధనౌకలు బాగుచేసే డాక్ కట్టించాడు. అప్పటికే 1789 డిసెంబరు ఉప్పెన ఊరిని తుడిచిపెట్టి ఉంది. వరసగా మూడు పెద్ద అలలు వచ్చాయని, ఇరవై వేలమంది పోయారని రాశారు. మళ్ళీ కట్టుకున్నారు. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. ఆ పైన గోదావరి ఒండ్రు మేట వేసి రేవును పూడ్చేసింది. ఇలాంటి తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో 'సైక్లోన్' అనే మాటను పుస్తకంలో పెట్టాడు. ఆ మాట ప్రపంచమంతా నిలిచింది. కోరంగి రేవు నిలవలేదు.

మళ్ళీ నా ఓడ దగ్గరికి వస్తాను. డెక్కు వేసేటప్పుడు పలక వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, పొడవు తొంభై అయిదు. పక్కపక్క పలకల అతుకులు ఒకే చోట పడకూడదు, ఇటుక కట్టుబడిలాగే. అసలు ఓడలో సందుల్లో పీచు కూరి కీలు పోస్తారు. నమూనాలో ఆ నల్లగీత కోసం పలక అంచుకు పెన్సిలు రుద్దితే చాలు. అంతా పూర్తయ్యాక కన్ను ఆనించి చూస్తే మధ్యలో మూపురం! ఏడో బల్క్‌హెడ్ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. తొందరలో కొలవలేదు. తప్పు నాదే. పట్టాళంలో అయితే నా నాయక్‌ని ఎంత తిట్టేవాణ్ణో!

మూడు వారాల పని ఊడబీకాను. లోపలి ఎముకలు మళ్ళీ బయటపడ్డాయి. వాటిని చూస్తుంటే ఒక విషయం తట్టింది. డాక్ కట్టించిన రోబక్ పేరు చరిత్రలో ఉంది. ఆ డాక్‌లో బాడిసె పట్టిన వడ్రంగి పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మా తాతగారు కట్టిన పడవల మీద కూడా యజమానుల పేర్లే ఉండేవి. మన పట్టాళంలోనూ అంతే కదా, వంతెన ప్రారంభ ఫలకం మీద సాపర్ పేరు ఉండదు. ఉండాలని మనం అడగలేదు కూడా. కాని ఇంట్లోవాళ్ళకైనా తెలియాలి.

ఏడో బల్క్‌హెడ్‌ను సరిచేసి, దాని మీద మా తాతగారి పేరు, మా ఊరి పేరు రాసి, మళ్ళీ డెక్కు మూసేశాను. బయటికి కనబడదు. మా మనవడికి మాత్రం చూపించాను. "మరి మూసేస్తే ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నాడు. "నువ్వు చెప్పాలిరా" అన్నాను.

తాళ్ళరేవు, కోరంగి వైపు మన సోదరులకు నా మనవి. ఇంట్లో పాత బాడిసె, ఉలి, కొలబద్ద ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. పెద్దలుంటే ఏ పనిముట్టుతో ఏం చేసేవారో అడిగి రాసిపెట్టండి. రేవు పూడిపోయింది, పేర్లు కూడా పూడిపోనివ్వవద్దు.

జై హింద్.