వర్ణసంకరం ఆపిన రాజు ఎవరి రాజు?

అమీర్‌పేట, పంజాగుట్ట కోచింగ్ సెంటర్లలో మన పిల్లలు శాతవాహనుల వరస బట్టీ పడుతున్నారు. అదే కాలపు చైనా, రోమ్‌లను పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 124లో విద్యాలయం పెట్టి, చదువుకున్నోళ్లను కొలువుల్లోకి తీసుకున్నాడు; లాభపడింది ఎక్కువగా ఉన్నోళ్లే. రోమ్ బానిసల చెమట మీద బతికింది. అయినా పౌరుడు చట్టప్రకారం విడుదల చేసిన బానిస పౌరుడయ్యేవాడు. క్రీ.శ. 212లో కారకల్లా దాదాపు స్వేచ్ఛాజనులందరికీ పౌరసత్వమిచ్చాడు.

మరి మన దగ్గర? పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయి. కానీ నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ, వర్ణసంకరం ఆపాడని తన కొడుకు శాతకర్ణిని పొగిడింది. ఆ వంశపు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి మాత్రం శక మహాక్షత్రపుడి కూతురని కన్హేరి శాసనం చెబుతోంది. అంటే కట్టడి కిందివాళ్లకే. దోపిడీ మూడుచోట్లా ఉంది. పుట్టుకతో దారి మూయడాన్ని రాజు కీర్తిగా రాసుకున్నది ఇక్కడ. పాఠం చెప్పేవాళ్లు ముందు ఇది చెప్పాలి.