పేరడిగే ప్రోగ్రాము – తెలుగు అక్షరాల లెక్క

కంప్యూటరు పాఠం మొదలుపెట్టిన పిల్లలందరూ ఇంచుమించుగా ఒకే అభ్యాసం చేస్తారు. యంత్రం “నీ పేరేమిటి?” అని తెరపై అడుగుతుంది, పిల్లవాడు కీబోర్డుపై పేరు కొడతాడు, యంత్రం ఆ పేరుతో నమస్కారం చెబుతుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు. చదువుట, వ్రాయుట, అంతే. ఇది లెక్కల మాస్టారి సొత్తని మనం ప్రక్కకు తప్పుకొంటాము. దీని చరిత్ర చూచినచో భాషోపాధ్యాయునికే ఇందులో పని ఎక్కువగా కనబడుచున్నది.

అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే గణితాచార్యులు బేసిక్ అను ప్రోగ్రామింగు భాషను రూపొందించారు. 1964 మే 1న తెల్లవారుజామున 4 గంటలకు అది తొలిసారి నడచినది. సాహిత్యం, చరిత్ర చదివే విద్యార్థులు సైతం యంత్రాన్ని వాడుకోవాలన్నది వారి ఉద్దేశం. అంతకు పూర్వం ప్రోగ్రామును కార్డులపై చిల్లులుగా పొడిపించి అప్పగించి, ఫలితానికై గంటల తరబడి వేచియుండుట వాడుక. డార్ట్‌మత్‌లో టెలిటైపు ముందు కూర్చున్న విద్యార్థికి జవాబు వెంటనే కాగితంపై అచ్చయి వచ్చెడిది. ‘ప్రింట్’ ఆజ్ఞ ఆదినుండి ఉన్నది. మధ్యలో ఆగి మనలను ప్రశ్నించే ‘ఇన్‌పుట్’ ఆజ్ఞ తరువాతి కూర్పులలో చేరినది. అది ఒక ప్రశ్నార్థకం వేసి, మన జవాబుకై ఎదురుచూచును. మంచి ఉపాధ్యాయుని లక్షణమే!

1978లో కెర్నిగన్, రిచీ వ్రాసిన సి భాషా గ్రంథం ‘హలో వరల్డ్’ను తొలి పాఠంగా స్థిరపరచినది. మన దేశపు పాఠశాలలకు 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం ద్వారా బీబీసీ మైక్రో యంత్రాలు వచ్చినవి. వాటిలోనూ బేసిక్ భాషయే.

ఇన్ని చోట్లా పలకరింపు ఇంగ్లీషులోనే. 1963 నాటి ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 స్థానాలు. అందులో తెలుగుకు చోటు లేదు. 1991లో ఇస్కీ ప్రమాణం, అదే సంవత్సరం యూనికోడు తెలుగుకు సంఖ్యలు కేటాయించినవి. అయినను విండోస్‌లోని నల్లని కన్సోలు కిటికీలో చాలాకాలం తెలుగు పేరు కొడితే డబ్బాలో, ప్రశ్నార్థకాలో కనబడెడివి. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 యూనికోడును సహజ పద్ధతిగా స్వీకరించినది. అందులో విలువను దాచుకొనే చలరాశికి సైతం ‘పేరు’ అని తెలుగులోనే పేరు పెట్టవచ్చును.

అసలు చిక్కు ఇక్కడ మొదలగును. పొడవు చెప్పే ‘లెన్’ ఆజ్ఞకు ‘రమ’ అని ఇస్తే 2 అని సరిగానే చెప్పును. ‘లక్ష్మి’ అని ఇస్తే 7 అనును! మన లెక్కలో రెండే అక్షరాలు గదా. యూనికోడులో గుణింతపు గుర్తుకు వేరు సంఖ్య, పొల్లుకు వేరు సంఖ్య; ఒత్తు అనగా పొల్లు, దాని వెంట మరొక హల్లు. యంత్రం లెక్కించునది ఈ ముక్కలను. పదాన్ని తిరగవేసే అభ్యాసంలో ‘సీత’ ‘తసీ’ కాకుండా ‘తీస’ అగుటకు కారణమిదే: దీర్ఘం తన హల్లును విడిచి ‘త’ను పట్టుకొన్నది.

2023లో యూనికోడు 15.1 కూర్పు తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒకే ఖండంగా పరిగణించే నియమం చేర్చినది. ‘లెన్’ మాత్రం ఇప్పటికీ ముక్కలనే లెక్కించును. కనుక అక్షరాలను లెక్కించే ప్రోగ్రామును పిల్లలే వ్రాయవలెను. అందుకు హల్లేదో, గుణింతమేదో, ఒత్తేదో వారికి తెలియవలెను. ఛందస్సు చెప్పే మాస్టారు రోజూ పలకపై చేయించే పని ఇదే. ‘తెలుగు’కు యంత్రం చెప్పే 6లో గుణింతపు గుర్తులు 3 తీసివేయగా 3. ‘లక్ష్మి’కి 7లో గుణింతపు గుర్తు 1, పొల్లులు 2, వాటి వెంట వచ్చిన హల్లులు 2 తీసివేయగా మిగులునది 2.